ఇరవయ్యో కుండ

నేను ఆడిన అబద్ధాలన్నీ నా కళ్లముందే పోయాయి. కొన్ని పుట్టిన గంటకే పోయాయి, కొన్ని మా బాపు చేతి తువాల దెబ్బలకు పోయాయి, కొన్ని పెండ్లయ్యాక మా ఆవిడ చూపులకు పోయాయి. ఒక్కటి మాత్రం బతికి, పెరిగి, పోయిన నెల నా ఫోనులోకే వచ్చి నన్ను పలకరించింది. మహబూబ్‌నగర్‌లో దూరపు చుట్టాల అమ్మాయి లగ్గం. కార్డు ఫోనులో వచ్చింది. వేలు ఆనిస్తే పూలు రాలతాయి, సన్నాయి మోగుతుంది, పెండ్లికొడుకు చెయ్యి ఊపుతాడు. అడుగున కార్యక్రమాల వరుస. అందులో ఎదుర్కోలుకూ లగ్గానికీ నడుమ, బంగారు రంగు అక్షరాల్లో, “పల్లికాయ ఒలుపు, ఉదయం తొమ్మిది గంటలకు” అని ఉంది. పక్కన చేట బొమ్మ, చేటకు బయట ఒంటరిగా ఒక్క కాయ. నేను చాయ గ్లాసు కింద పెట్టేశాను. “ఏమైంది” అని మా ఆవిడ లోపలి నుంచి అడిగింది. “తప్పిపోయిన నా కొడుకు దొరికిండు” అన్నాను. ఆమె గిన్నెలు సర్దుకుంటూనే ఉంది. ఇన్నేళ్ల కాపురంలో నా మాటలకు తల తిప్పడం ఎప్పుడో మానేసింది.

ఆ కొడుకు ఎక్కడ పుట్టాడో చెప్పాలంటే నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరికి, టైర్ల దుకాణం మీది అంతస్తుకు వెళ్లాలి. కింద రబ్బరు వాసన, మెట్ల మీద ఫినాయిలు వాసన, పైన కంప్యూటర్ నేర్పే అద్దాల గదిలో అగరొత్తుల వాసన. ఆ గదిలో ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానికి పూల గుడ్డతో కుట్టించిన ముసుగు. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, చొక్కా సర్దుకుని లోపలికి పోవాలి. గుడిలోకి కూడా మేము అంత భయభక్తులతో పోలేదు. దసరాకు మా సార్ ఆరు మానిటర్లకూ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు చిమ్మి ఒక కీబోర్డు మూడు రోజులు మాట్లాడలేదు. ఏసీ చల్లదనం సంగతి చెబితే మీరు నమ్మరు కాని, నాతోపాటు నేర్చుకునే యాదగిరి వేసవిలో కూడా మంకీ టోపీ పెట్టుకుని వచ్చేవాడు. ఒకనాడు అతని మీసం గడ్డకట్టి కిందపడితే నేనే ఏరి ఇచ్చాను.

కోర్సు చివర ముగ్గురేసి కలిసి ఒక పని చేసి చూపించాలని నియమం. మిగతా వాళ్లంతా జీతాల పట్టికలు, లైబ్రరీ పట్టికలు పట్టుకున్నారు. మా ముగ్గురిలో యాదగిరికి మౌసు తప్ప లోకం తెలియదు, నాకు మాటలు తప్ప పని తెలియదు, మూడో మనిషి నసీమకు బొమ్మలు వచ్చు. ప్రకాశం బజారులో పెండ్లి కార్డుల ప్రెస్సు నడిపే కరీం చాచా బిడ్డ ఆమె. కార్డుల మీది కలశాలు, మామిడాకులు, మసీదు మినార్లు, నెలవంకలు చూస్తూ పెరిగింది. పెండ్లి పనులన్నీ వరుసగా, బొమ్మలతో, ఏ రోజు ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం కంప్యూటర్లో చేద్దామన్నది ఆమే. కాగితం ఉండని పుస్తకం. ఇప్పుడు దాన్ని ఈబుక్ అంటున్నారు. మేము డబ్బా పుస్తకం అనేవాళ్లం.

బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించే యంత్రం మా సార్ దగ్గర లేదు. నసీమ గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపేది. యాదగిరి పక్కన ఆ కాగితం పెట్టుకుని, స్కేలు ఒక్కో వరుసా కిందికి జరుపుకుంటూ, గడికొక చుక్క చొప్పున తెర మీద పెట్టేవాడు. నేను “ఎర్ర, ఎర్ర, పచ్చ, ఖాళీ, ఖాళీ” అని చదవాలి. తెలుగు అక్షరాలు కూడా ఆ డబ్బాలో లేవు. “పందిరి” అని రాయాలంటే మూడక్షరాలనూ బొమ్మలుగానే చుక్కలు పెట్టి గియ్యాలి. అందుకే నసీమ నాకు పేజీకి నాలుగు వరుసలే ఇచ్చింది. జీవితంలో నేను తక్కువ మాట్లాడింది ఆ నాలుగు నెలలే. మొదటి పేజీలో ఆమె ఐరేణి కుండలు వేసింది, సున్నం గీతలతో, ఎర్రమన్ను చుక్కలతో. పెండ్లికి కుమ్మరింటి నుంచి తెచ్చే ఆ రంగుల కుండలు వరుసకు ఐదు చొప్పున నాలుగు వరుసలు. ఏ కుండ మీద నొక్కితే ఆ పని పేజీ తెరుచుకుంటుంది. ఆ ఒక్క పేజీ ఎక్కించడానికి యాదగిరికి పద్దెనిమిది రోజులు పట్టింది. చివరి చుక్క పెట్టాక కండ్లు మూసుకుని “నాకు నిద్రల గూడ గడులే కనవడ్తున్నయి” అన్నాడు.

కరీం చాచా ప్రెస్సు సంగతి ఇక్కడే చెప్పాలి. చాచా మాట తక్కువ మనిషి. పొద్దున్నే వచ్చి షట్టరు లేపి, తడిగుడ్డతో మిషను తుడిచి, చెవిలో అత్తరు దూది పెట్టుకుని, అప్పుడు అక్షరాల డ్రాయరు తీసేవాడు. సీసపు అక్షరాలను చూడకుండానే వేళ్లతో ఏరేవాడు. ఆ కాలానికి కార్డులు హైదరాబాదులో కంప్యూటర్ మీద చేయించుకురావడం మొదలైంది, చాచా దగ్గరికి గిరాకీ తగ్గుతోంది. నసీమ ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తినప్పుడల్లా ఆయన అక్షరాలు ఏరుకుంటూ ఉండిపోయేవాడు. ఒకరోజు మేము ముగ్గురం వెళ్లి మా పుస్తకం సంగతి చెప్పాం. ఆయన మొదటిసారి డ్రాయరు మూశాడు.

“ముప్పై ఏండ్ల సంది కార్డులు అచ్చేస్తున్న బేటా. లడాయి లేని పెండ్లి ఒక్కటి జూడలే. పెదనాయిన పేరు కిందికొచ్చిందని ఒకడు, మేనమామ పేరు చిన్నగ పడ్డదని ఒకడు. ఆఖరికి నా మీదికే వస్తరు. మీ డబ్బా లడాయి ఆపుతదా?”

“ఆపుతది అబ్బా” అని తండ్రికి చెప్పింది నసీమ. ఎట్లా ఆపుతుందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

“సరే. మీ పుస్తకం జూసుకుంట, లడాయి లేకుండ ఒక్క పెండ్లి జరగని. గప్పుడు నేనే కంప్యూటర్ కొంట, దాని ముందల నిన్ను కూసోబెడ్త. జరగకుంటె మిషన్ అమ్మేసి షట్టర్ కిరాయికిస్త. నువ్వు గా డబ్బా ముచ్చట మల్ల తియ్యొద్దు.”

ప్రెస్సు మెట్లు దిగాక నసీమ నా వైపు తిరిగింది. “మీ అక్క పెండ్లి ఎండకాలంల గద అంజీ” అంది. అట్లా మా అక్క లగ్గం మీద నసీమ బతుకు వచ్చి కూర్చుంది.

పెండ్లి పనుల జాబితా మా అవ్వ దగ్గర ఉండేది, కాగితం మీద కాదు, పాత చీర పేలిక మీద. మాది కేతేపల్లి. అవ్వ పొద్దంతా అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీసేది, మధ్యాహ్నం కాగానే అక్కడే చెంబు తలకింద పెట్టుకుని ఒక కునుకు తీసేది. చెంబు మీద ఎట్లా నిద్ర పడుతుందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. ఆమె పెండ్లినాడు వాళ్లమ్మ ఆ పేలికకు పనికొక ముడి చొప్పున వేసి ఇచ్చిందట. ఇంట్లో లగ్గం పడ్డప్పుడల్లా పెట్టెలోంచి అది బయటికి వచ్చేది. నేను నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఒక్కో ముడీ తడుముతూ చెప్పింది.

“పెండ్లంటె పని గాదురా, వాసన. ముందుగాల దంచిన పసుపు వాసన రావాలె. అటెన్క సున్నం వాసన. అటెన్క పందిట్ల పచ్చికొమ్మల వాసన. అన్ని వాసనలు అయినంక పిల్ల పోతది. తెల్లారి ఇల్లు ఏ వాసనా రాదు. గది రాస్కో.”

రాసుకున్నాను కాని నాలుగు వరుసల్లో పట్టలేదు. పసుపు దంచుడు, పందిరి, మైలపోలు, ఎదుర్కోలు, నాగవెల్లి, అప్పగింతలు, ఒడిబియ్యం, ముడి తర్వాత ముడి. పేలిక అయిపోయింది. లెక్క చూస్తే పంతొమ్మిది. “ఇంకొక్కటి యాదికి తెచ్చుకో అవ్వా” అని బతిమాలాను. “లేని ముడి ఏడికెల్లి తేవాల్రా” అని పేలిక మడిచి పెట్టెలో పెట్టేసింది. నల్లగొండ తిరిగి వెళ్లేసరికి యాదగిరి ఇరవై కుండలూ తెర మీద నిలబెట్టి చూసుకుని మురిసిపోతున్నాడు. ఒక కుండ తీసెయ్యమంటే పద్దెనిమిది రోజుల మనిషి నా గొంతు పట్టుకునేవాడు. నసీమ పెన్సిలు పట్టుకుని “అవ్వ ఏం చెప్పింది, ఇరవయ్యోది?” అంది.

నేను కిటికీలోంచి కిందికి చూశాను. టైర్ల దుకాణం ముందు ఒకామె బండి మీద పల్లికాయలు వేయిస్తోంది. ఆ వాసనే నా నోట్లోంచి మాటగా వచ్చింది. “పల్లికాయ ఒలుపు” అన్నాను. పెండ్లివారు దిగాక రెండు ఇండ్ల పెద్ద ఆడవాళ్లు ఒక్క చేట ముందు ఎదురెదురుగా కూర్చుని కాయలు ఒలవాలి, చేట ఖాళీ అయ్యేదాకా ఎవరూ తక్కువ ఎక్కువల మాట ఎత్తరాదు, మా ఊళ్లో తాతల నాటి పద్ధతి, అవ్వ చెప్పింది. ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. నసీమ నమ్మింది. నమ్మడమే కాదు, ఇరవై బొమ్మల్లో అంత అందమైన బొమ్మ ఇంకొకటి వెయ్యలేదు. ఇద్దరు ముసలవ్వలు, నడుమ చేట, ఒకామె ముఖంలో కోపం సగం కరిగి నవ్వు సగం మొదలైనట్టు. గడుల్లో, పదహారు రంగుల్లో, ఆ సగం నవ్వు ఎట్లా తెచ్చిందో ఆమెకే తెలియాలి. యాదగిరి ఎక్కించేటప్పుడు చెయ్యి జారి రెండు గోధుమరంగు చుక్కలు చేటకు బయట పడ్డాయి. చూస్తే విడిగా పెట్టిన ఒక కాయలాగే ఉంది. “పోనీ, ఉండనీ” అంది నసీమ.

పెండ్లినాటికి మా సార్ ఒక పాత కంప్యూటర్ అరువిచ్చాడు, పక్కన తన బ్యానరు కట్టాలనే షరతుతో. దాన్ని మూడు బొంతల్లో చుట్టి జీపులో కేతేపల్లికి తెచ్చాం. మానిటర్ యాదగిరి ఒళ్లో. నకిరేకల్ దగ్గర గుంత వచ్చినప్పుడల్లా చంటిపిల్లను జోకొట్టినట్టు దాన్ని జోకొట్టాడు. ఇంటి ముందుగదిలో పెట్టి చెప్పులు బయట విడవండని ఒక్కసారి అన్నాం, అంతే. ఊరంతా చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని రావడం మొదలుపెట్టింది. అవ్వ వచ్చి మానిటర్ నొసటన ఇంత బొట్టు పెట్టింది. చుక్కల్లో కుండల మీద వేలు పెట్టి వరుసకు ఐదు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత ఒక్కో కుండా తెరిపించుకుని, పేలిక మీద ముడి తడుముతూ సరిచూసుకుంది. ఇరవయ్యో కుండ తెరిచాక వేళ్లకు ముడి దొరకలేదు.

“గిదేం కత?” అంది.

“అది మనది కాదవ్వా. పెండ్లికొడుకోళ్ల దిక్కుది. అమ్రాబాద్ అడివి దిక్కు గట్ల చేస్తరట” అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది. అవ్వ తల ఊపింది. నసీమ అప్పుడు గదిలో లేదు.

పెండ్లివారి బస్సు అమ్రాబాద్ అవతలి నుంచి రావాలి, మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఎదుర్కోలుకు పిలిచిన డప్పులవాళ్లు చూసి చూసి ఇంకో లగ్గానికి పోయారు. ఊరి బయట బస్సు ఆగితే డప్పు సప్పుడు లేదు. బావ మేనత్త, వాళ్లింట్లో ఆమె మాటే మాట, బస్సు దిగనని కూర్చుంది. మా బాపు రెండు చేతులూ జోడించి చాలాసేపు నిలబడితే దిగింది కాని, ముఖం మాత్రం బస్సులోనే విడిచి వచ్చింది. కరీం చాచా పందిరి గుంజకు ఆనుకుని, చెవిలో దూదితో, ఇదంతా చూస్తున్నాడు.  నసీమ మాత్రం అరచేతులు దుపట్టాకు తుడుచుకుంటూనే ఉంది.

ఫ్యాను ఉన్న గది అదొక్కటే కాబట్టి మేనత్తను అక్కడ కూర్చోబెట్టారు. ఆమె తెర వైపు చూసి, ఇదేంటని అడిగి, ఒక్కో కుండా నొక్కించుకుంది. “గిది జేసిండ్రు. గిది జేసిండ్రు. గిది రేపు” అంటూ లెక్క చూసుకుంటూ పోయింది. ఇరవయ్యో కుండ దగ్గర ఆగింది.

“గీ పల్లికాయ ఒలుపు ఎవలది?”

“ఈ ఊరిదే అమ్మా, తాతల నాటిది” అంది నసీమ, నేను చెప్పింది చెప్పినట్టు.

మేనత్త లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.  “మీ ఊళ్లె గింత మంచి మర్యాద ఉంటె మాకెందుకు జెయ్యలే? మేం అడివోళ్లమని తక్కువ జేసిండ్రా? సప్పుడు లేకుంటె ఊకున్న. గిది గూడ లేదా?”

అవ్వ నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోతుందో ఆ పందిట్లో నాకు ఒక్కడికే తెలుసు. “అది మీ దిక్కుదని మా పిలగాడు చెప్పిండు గద” అని ఆమె అన్న మరుక్షణం రెండు ఇండ్లూ నా మీదికి, నా మీదినుంచి ఒకరి మీదికొకరు పోతారు. చాచా గుంజ విడిచి ఇంటికి పోతాడు. అక్క ముఖం కంటే ముందు నాకు ఆ మూసిన షట్టరు కనిపించింది. “అవ్వా, కాయ ఏది? చేట నేను తెస్త, కాయ తియ్యి” అని అరిచినట్టే అన్నాను. నసీమ తల తిప్పి నా ముఖం చూసింది. ఒక్క చూపు. అబద్ధం మొత్తం ఆమెకు అక్కడే అర్థమైపోయింది.

ఇంట్లో ఒలవని కాయ ఒక్క చోటే ఉంది. వానకాలం విత్తనానికి అవ్వ కుండలో పోసి, మూతికి మట్టి పెట్టి మెత్తిన కాయ. ఆ కుండ జోలికి బాపు కూడా పోడు. అవ్వ నా వైపు, మేనత్త వైపు చూసి లోపలికి వెళ్లింది. కుండ మూతి పగిలిన చప్పుడు పందిట్లోకి వినిపించింది. చేట నిండా విత్తనపు కాయ తెచ్చి మేనత్త ముందు పెట్టి తనూ కూర్చుంది. “కూసో వదినె. మీ ఇంటికి పిల్లనిస్తున్న, ఇత్తనం ఒక లెక్కనా” అంది.

మేనత్త విత్తనమన్న మాట విని ఆగింది. పల్లి పండించే దిక్కు మనిషి, దాని విలువ ఆమెకు వేరే చెప్పక్కర లేదు. మెల్లగా కూర్చుంది. తెర వైపు ఒకసారి చూసి, బొమ్మలో ఉన్నట్టే ఒక కాయ తీసి చేటకు బయట పెట్టింది. అవ్వ ఇదీ వాళ్ల పద్ధతే కాబోలనుకుని తల ఊపింది. ఇద్దరూ ఒలవడం మొదలుపెట్టారు. మొదటి పది కాయలు టపటపా, కోపంగా. తర్వాత ఎవరి దిక్కు నేలలో కాయ గట్టిపడుతుందో మాట వచ్చింది, తర్వాత మోకాళ్ల నొప్పులు, తర్వాత మేనత్త తన పెండ్లినాడు బండి ఇరుసు విరిగిన సంగతి. చేట సగమయ్యేసరికి అవ్వ నవ్వుతో దగ్గుతోంది. మేనత్త ముఖంలో కోపం సగం, నవ్వు సగం. నసీమ గుమ్మంలో నిలబడి తన బొమ్మను నిజంగా చూసుకుంటోంది.

చాచా నా భుజం మీద చెయ్యి వేసి పందిరి వెనక్కి తీసుకెళ్లాడు. “ముప్పై ఏండ్లు బేటా. గీ పల్లికాయల ముచ్చట ఎన్నడు ఇనలే.”

నేను నేల చూశాను. “నసీమకు తెల్వదు చాచా. నేనే అల్లిన.”

“నువ్వే అని బస్సు రాకముందే సమజైంది.” చెవిలో దూది తీసి, వాసన చూసి మళ్లీ పెట్టుకున్నాడు. “అబద్ధం నీది. బొమ్మ నా బిడ్డది. నీ మాట ఎవ్వడు నమ్ముతడు? బొమ్మను జూసి కూసున్నరు.” వారం తిరిగాక ప్రెస్సు ముందు ఆటో ఆగింది, అందులోంచి కంప్యూటర్ అట్టపెట్టెలు దిగాయి. నసీమ మాత్రం నాతో మాట్లాడలేదు. ఒకరోజు ప్రెస్సులోని సీసపు అక్షరాల డ్రాయర్లన్నీ నేల మీద బోర్లించి, “ఏ అక్షరం ఆ అరల పెట్టు. అయినంక మాట్లాడ్త” అంది. తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు తెలిసింది నాకు, అక్షరాలకు కూడా బరువుంటుందని.

పోయిన నెల మహబూబ్‌నగర్ ఫంక్షన్ హాలుకు వెళ్లేసరికి తొమ్మిది కావస్తోంది. హాలంతా అత్తరు చిమ్మే యంత్రాల వాసన, పసుపు వాసన ఎంత వెతికినా దొరకలేదు. పనులన్నీ ఫోనులే గుర్తుచేస్తున్నాయి, కూర్చుని ముడులు తడిమే మనిషి లేదు. ఆ కార్డు చేసింది నసీమ వాళ్ల దుకాణమే, ఇప్పుడామె కింద ఆరుగురు పనిచేస్తున్నారు. కండ్లద్దాలు నొసటి మీదికి తోసుకుని ముందు వరుసలోనే కూర్చుని ఉంటే నేనూ పోయి పక్కన కూర్చున్నాను. వేదిక మీద వెండి రంగు చేట, దాని ముందు రెండు ఇండ్ల పెద్ద ఆడవాళ్లు, చుట్టూ కెమెరాలు. అయినా ఒలవడం మొదలయ్యాక కాసేపటికి ఇద్దరూ కెమెరాలు మరిచిపోయి మాటల్లో పడ్డారు. యాదగిరికి ఫోను చేశాను. వాడు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉన్నాడు. సంగతి చెప్పాను. “నా చెయ్యి జారిన చుక్కకు గింత ఇజ్జతా” అన్నాడు.

నాకు ఇటు పక్క కుర్చీలో ఒక ముసలమ్మ ఉంది. చేటకు బయటి కాయ ఎందుకమ్మా అని అడిగాను, ఏం చెబుతుందో చూద్దామని. “ఇంట్లున్న లడాయంత గా కాయలకు పోతది కొడుకా. ఆఖరికి దాన్ని ఇంటి కప్పు మీదికి ఇసిరేస్తరు. ఇగ ఆ పెండ్లిల లడాయి రాదు” అంది. ఇది నేను అల్లింది కాదు. నాకంటే చాలా మంచిది. అసూయ ఆపుకోలేక నిజం చెప్పేశాను. “అమ్మా, గీ ఒలుపు నేను కల్పించిందే. నల్లగొండల, కంప్యూటర్ల రాసిన.”

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “నీ వయసెంత? మా అత్త లగ్గంల గూడ ఉండె గిది. ఆమెకు పల్లికాయ గుచ్చుకుంటె మూడు దినాలు మంచంల పండవెట్టిండ్రు.”

నసీమ నవ్వు ఆపుకుంటూ వంగి నా చెవిలో చెప్పింది. “నిజం చెప్పుడు నీకు రాదు అంజీ. ఊకో ఇగ.”

చేట ఖాళీ అయింది. కాయను కప్పు మీదికి విసిరే వంతు, వచ్చిన చుట్టాల్లో వయసులో పెద్ద మగవాడిదట. ఎవరని చూస్తే నేనే. యాదగిరి చుక్కను, అదే చేట బయటి కాయను, తెచ్చి నా అరచేతిలో పెట్టారు. అందరం బయటికి వచ్చాం. ఫంక్షన్ హాలు మూడంతస్తులు, నా భుజం పాతది. ఒకసారి కాయను చెవి దగ్గర పెట్టి ఊపాను, లోపల గింజలు గలగలమన్నాయి. ఊపిరి బిగబట్టి విసిరాను. అది కప్పు మీద పడిందో లేదో చూడటానికి ముసలమ్మతో సహా అందరూ తల పైకెత్తారు. నేనూ ఎత్తాను, నిజంగానే.